ఆయనొచ్చి దింపాల్సిన పడవ

మా అత్త పోయిందన్న కబురు నాకు గాజువాక దగ్గర పనిలో ఉండగా అందింది. క్రేను కింద నిలబడి గొలుసు సర్దుతున్నాను. ఆవిడ ఆడపడుచు కొడుకు సైకిలు గోడకి ఆనించి, ఎండకి కళ్ళు చిట్లించుకుంటూ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "బావా, అత్త ఎల్లిపోనాది. తెల్లారగట్ల. నువ్వొకపాలి రావాల," అన్నాడు. నేను నోరు తెరిచేలోపే తల దించుకుని, "పడవ దింపాలంట. పెద్దలు నిన్నే పిలుసుకు రమ్మన్నారు," అని కూడా అన్నాడు.

ఆ రెండో మాటకి నాకు ఒళ్ళు మండింది. మనిషి పోయిందని చెప్పి ఊపిరి తిప్పుకోకుండానే పని పురమాయించడం ఏమిటి? నాకు ముక్కు మీద కోపం, అందరికీ తెలుసు. వాణ్ణి ఏదో అనబోయి ఊరుకున్నాను. వాడి కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి. ఆ పడవ దింపడమంటే ఏమిటో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. మీకు తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

అత్త అంటున్నాను గానీ మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. మాది సబ్బవరం అవతల పల్లె, పొలం పనులు చేసుకునే ఇల్లు. ఆవిడది సముద్రం మీద బతికే కుటుంబం. నేను పోర్టులో ఖలాసీగా చేరిన కొత్తలో, అంటే బరువులెత్తే తాళ్ళూ గొలుసులూ గిలకలూ చూసుకునే పనిలో చేరిన కొత్తలో, హార్బరు వెనక ఉప్పుటేరు గట్టు మీద ఆవిడ పెరట్లో ఒంటిగది అద్దెకు తీసుకున్నాం. మా ఇంటిది కొత్త కాపురానికి వచ్చింది. చేపల వాసనకి ముక్కు మూసుకునేది. ఆవిడ అది చూసి, "మూసుకోమ్మా, మూసుకో. ఒకనాడు ఆ వోసన నేకపోతే అన్నం దిగదు నీకు," అంది. ఆ మాట ఎంత నిజమైందో మా ఇంటిదాన్నే అడగాలి. కానుపయ్యాక పాలు పడటానికి పాలసొర పిట్టు చేసి రోజూ తినిపించింది అత్తే. కన్నతల్లి సబ్బవరంలో ఉండగానే ఇక్కడ ఇంకో తల్లి దొరికింది తనకి.

గది చూడటానికి వెళ్ళిన రోజునే పెరటి చివర, ఏటి మీద వేలాడుతున్న పడవని చూశాను. నాలుగు రైలు పట్టా ముక్కల్ని స్తంభాలుగా పాతి, వాటి మీద దూలాలు బిగించి, ఆ దూలాల నుంచి రెండు ఇనపతాళ్ళతో పడవని మనిషెత్తున లేపి ఉంచారు. ఒక తాడు ముందు భాగాన అడుగు కింద నుంచి చుట్టి, ఒకటి వెనక భాగాన. రెండూ గిలకల మీదుగా వచ్చి ఒకే డ్రమ్ముకి చుట్టుకుంటాయి. డ్రమ్ముకో హేండిలు, పక్కన పళ్ళచక్రం, అది వెనక్కి తిరక్కుండా అడ్డుపడే ఇనప నాలిక. ఇలాంటివి డబ్బున్నవాళ్ళ బంగళాల్లో, షికారు బోట్ల కోసం ఉంటాయని విన్నాను గానీ పెంకుటింటి పెరట్లో చూడటం అదే మొదలు. వీధిలో అందరూ దాన్ని ఉయ్యాల అనేవారు.

అది కట్టింది ఆవిడ పెనిమిటి. ఆయన్ని నేను ఎరగను. ఏటి నీళ్ళలో కట్టి ఉంచిన పడవని పురుగు తొలిచేస్తుంది. గట్టు మీదకి లాగాలంటే పదిమంది పట్టు కావాలి. ఆ పదిమందీ ఒక్కొక్కరే మరబోట్ల మీదకి కూలికి పోయారు. అప్పుడాయన కంచరపాలెం పాతసామాన్ల కొట్ల చుట్టూ తిరిగి గిలకలూ తాళ్ళూ ఏరుకొచ్చి, మొగుడూ పెళ్ళామూ ఇద్దరే తిప్పుకునేలా ఈ ఏర్పాటు చేసుకున్నాడు. ఒక వేసవిలో పడవ అడుక్కి తారు పూసి పైకెత్తాడు. తారు ఆరేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవడం ఎందుకని వేరేవాళ్ళ మరబోటు మీద వేటకి వెళ్ళాడు. వెళ్తూ గుమ్మంలో నిలబడి, "తారు ఆరనేదు, ఎవులూ పడవ ముట్టుకోకండి. నాను వొచ్చి దింపుతాను," అన్నాడట. నడిసముద్రంలో గాలివాన పట్టుకుంది. బోటు రాలేదు. అందులో వెళ్ళినవాళ్ళలో ఒక్కరి ఒళ్ళయినా గట్టుకి కొట్టుకు రాలేదు.

కొన్నాళ్ళు చూసి కులపెద్దలు ఇక ఆశ లేదన్నారు. మిగతా ఆడవాళ్ళు ఏడ్చి, గాజులు తీసి, కర్మలు చేయించారు. అత్త మాత్రం ఒప్పుకోలేదు. "సూసినోడెవుడు?" అని అడిగింది. ఎవరూ చూడలేదు. "ఆయనొచ్చి దింపుతానన్నాడు. దింపనీండి," అంది. ఇంక ఎవరు ఏ మాటన్నా ఆవిడ జవాబు అదే, "సూసినోడెవుడు?" అలా అలా, ఆ పడవ పైన ఉన్నంతకాలం ఆయన బతికి ఉన్నట్టేననీ, ఆవిడ బొట్టూ గాజులూ ఉండొచ్చనీ వీధంతా ఒప్పేసుకుంది. ఎవరూ పంచాయితీ పెట్టి చెప్పిన మాట కాదది. అలా నడిచిపోయింది.

నేను ఖలాసీనని తెలిసిన రోజు ఆవిడ నా గది ముందుకొచ్చి నిలబడింది. నోట్లో చుట్ట, అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లోపల పెట్టుకుని పొగ తాగుతూనే మాట్లాడేది, ఎలా మాట్లాడేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"ఏటల్లుడూ, తాళ్ళ పనంట గదా నీది. మా పడవ ఎనకపక్క కిందకి దిగినట్టు నేదా?"

చూశాను. దిగే ఉంది. వెనక తాడు కొసన బిగించిన క్లిప్పులు తిరగబడి ఉన్నాయి. బరువు మోసే తాడునే బోల్టు నలిపేస్తోంది, మొయ్యక్కర్లేని తోక సుఖంగా ఉంది. నలిగిన చోట జారుతోంది. అంతకన్నా పెద్ద సంగతి గిలక దగ్గర కనపడింది. ఎత్తిన బరువుని ఎప్పుడో ఒకప్పుడు దించుతారు, తాడుకి విశ్రాంతి దొరుకుతుంది. ఇక్కడ ఏళ్ళ తరబడి ఒకే చోట, ఒకే వంపులో, ఒకే బరువు. ఆ వంపు లోపలివైపు పోగులు చిట్లి పైకి లేచాయి. గుడ్డతో తుడిస్తే గుడ్డ చిరిగింది.

"అత్తా, దించాలి. కింద దుంగలు పెట్టి పడవని వాటి మీద కూర్చోబెడితే తాళ్ళు మార్చేస్తాను. ఒక్క పూట పని."

"దింపకుండా సెయ్యి."

"దింపకుండా ఎలా చేస్తాను?"

"మీ సబ్బవరంలో గొడ్లకి పలుపుతాడు మార్సేప్పుడు గొడ్డుని పడుకోబెడతారేటి? నిలబెట్టే మార్సుతారు గదా," అంది నవ్వుతూ. నవ్వింది గానీ కళ్ళు నవ్వలేదు. కింద దుంగ పెట్టినా నేల తగిలినట్టే అని ఆవిడ లెక్క.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆవిడ దగ్గర అది తారుమారు. పోర్టులో బతిమాలి ఒక చైను కప్పీ తెచ్చాను. దాన్ని దూలానికి కట్టి, పడవ బరువు దాని మీదకి తీసుకుని, తాడు విప్పి కొత్తది వేశాను. ముందర ఆవిడ పసుపు రాసిన దారమొకటి తెచ్చి, రెండు స్తంభాల మధ్య, పడవ అడుక్కి వేలెడు కిందుగా కట్టింది. దాని ముందు కూర్చుని రెప్ప వెయ్యకుండా చూసింది. పడవ వెంట్రుకవాసి దిగినా ఆ దారం ఆవిడకి చెప్పేస్తుంది. నా పని మీద అంత అనుమానమా అని నాకు కోపం వచ్చింది. పనయ్యాక ఆ దారం విప్పి నా ముంజేతికి కట్టి, లోపలికి వెళ్ళి అన్నం పెట్టింది. కోపం పెట్టుకుని తినలేం కదా, తిన్నాను.

అప్పట్నుంచి ఆ తాళ్ళ పూచీ నాదయింది. ఆవిడ పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్ముకోవడానికి వెళ్ళేది. మధ్యాహ్నం తిరిగొచ్చి, పడవ కింద చతికిలబడి, కాళ్ళు చాపుకుని కాసేపు కూర్చునేది. అదే ఆవిడ విశ్రాంతి. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి, "ఈయాల గాలికి ముందుతాడు కీసుమంది, సూడు," అనేది. చూస్తే గిలక ఇరుసులో ఉప్పు పేరుకుని ఉండేది. గీకి, గ్రీజు పెట్టేవాణ్ణి. ఒకసారి ఆ తాడు గిలక గాడిలోంచి పక్కకి ఎక్కి కూర్చుంది. ఇంకోసారి డ్రమ్ము మీద చుట్టు మీద చుట్టు పడి కొరుక్కుంది. పోర్టులో నాకు వచ్చే ఏ తిప్పలూ ఆ పెరట్లో రాకుండా లేవు. విసుక్కుంటే, "నువ్వు తాడు సూడు, నాను దారి సూత్తాను. ఎవులి పని ఆలది," అనేది.

నా తల తినేసింది మాత్రం వెనక తాడు. ముందుతాడు ఏళ్ళ తరబడి నిక్షేపంగా ఉంటే, వెనకది ఏడాది తిరిగేసరికి తుప్పు పట్టి, పేటలు విచ్చుకుని, చేత్తో నలిపితే పొడి రాలేది. రెండూ ఒకే చుట్టలోంచి కోసినవి. మొదట కంచరపాలెం కొట్టువాడి మీద పడ్డాను. పాత సరుకు అంటగట్టావని నానా మాటలూ అన్నాను. వాడు పాపం ఇంకో చుట్టలోంచి ఇచ్చాడు. అదీ అంతే. గిలక అరిగి తాడుని కోస్తోందేమోనని గిలక మార్చాను. క్లిప్పులు మార్చాను. పడవ బరువు వెనక్కి ఎక్కువ పడుతోందేమోనని లోపలున్న చెక్కలు ముందుకి జరిపాను. తాడుని మళ్ళీ తుప్పు తినేసింది. నాకు పిచ్చెక్కినట్టయింది. ఇంత చిన్న పడవకి ఒక తాడు నిలబెట్టలేనివాణ్ణి ఓడల మీద ఏం పని చేస్తున్నానని నన్ను నేనే తిట్టుకున్నాను.

సంగతి ఒక దసరా సెలవునాడు బయటపడింది. మామూలుగా ఆవిడ లేచేసరికి నేను డ్యూటీకి పోయి ఉంటాను. ఆ రోజు పళ్ళపుల్ల నోట్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. ఆవిడ ఏట్లోకి దిగి బిందె ముంచి, నిచ్చెనెక్కి, పడవలోకి నీళ్ళు కుమ్మరించింది. మళ్ళీ దిగింది, మళ్ళీ ముంచింది. నీళ్ళు పడవ లోపల చెక్కలన్నీ తడుపుకుంటూ పల్లంగా ఉన్న వెనకవైపుకి పోయి, అడుగున ఉన్న కన్నంలోంచి కారి, సరిగ్గా వెనక తాడు క్లిప్పుల మీద చుక్కచుక్కగా పడుతున్నాయి.

"అత్తా, ఇది రోజూ చేస్తున్నావా?"

"మరి? ఆయనెల్లిన కాడ్నుంచీ."

"ఎందుకు?"

"సెక్క ఎండితే సీలికలైపోద్ది గదా. ఆయనొచ్చి దింపితే నీళ్ళు కారి మునిగిపోద్ది," అంది, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

నేను పుల్ల పారేసి లేచాను. ఆ ఉప్పునీళ్ళే తాడుని తినేస్తున్నాయని చెప్పాను. ఆవిడ బిందె కింద పెట్టి చాలాసేపు తాడు వంకా చెక్క వంకా చూసింది. "మరేటి సెయ్యమంటావల్లుడూ?" అంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నీళ్ళు పొయ్యకపోతే పడవ పోతుంది, పోస్తే తాడు పోతుంది. రేకు వంచి చిన్న దోనె కట్టి నీళ్ళు పక్కకి మళ్ళించాను. గాలి కొడితే మళ్ళీ తాడు మీదే పడేవి. ఆఖరికి ఆవిడే ఉపాయం కనిపెట్టింది, మంచినీళ్ళు పోద్దామని.

ఆ రోజుల్లో ఈ ఊళ్ళో మంచినీళ్ళంటే ఏమిటో అప్పుడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. వీధి కుళాయి దగ్గర బిందెల వరస, ఆ వరసలో తిట్లు, జుట్లు పట్టుకోవడాలు. ఆవిడ వరసలో నిలబడి తెచ్చిన నీళ్ళలో ముందు పడవ వాటా తీసి, మిగిలినవి ఇంట్లోకి తెచ్చేది. వీధిలో ఆడవాళ్ళు మొహం మీదే అన్నారు. మా ఇంటిది కూడా గొణిగింది. ఆవిడ ఎవరికీ జవాబు చెప్పలేదు.

ఇంట్లో ఒకరున్నారు, జవాబు చెప్పక తప్పనివాళ్ళు. ఆవిడ అత్తగారు, అంటే ఆయన్ని కన్న తల్లి. చూపు సగం పోయి అరుగు మీదే ఉండేది. ముసలామె ఒకే ఇంట్లో ఒకే కుండలో అన్నం తింటూ కోడలి నమ్మకానికి పూర్తిగా ఎదురు నిలబడ్డ మనిషి. కొడుకు పోయాడని ఆమెకి తెలుసు. కర్మ జరగలేదు కాబట్టి వాడు ఆకలితో, దాహంతో తిరుగుతున్నాడని ఆమె బాధ. "నా కొడుక్కి నువ్వులూ నీళ్ళూ వొదలనివ్వదు గానీ, సెక్కకి మంచినీళ్ళు పోత్తాది," అనేది గోడ వంక తిరిగి. కోడలు వినేది. వింటూనే ముసలామె కాళ్ళకి నూనె రాసేది.

ఒకరోజు నేను గ్రీజు డబ్బాతో వెళ్తుంటే ముసలామె నన్ను చేత్తో సైగ చేసి పిలిచింది. "బాబూ, నీకు దండం పెడతాను. ఇంక ఆ తాడు నానొల్ల, బాగు సెయ్యలేనని సెప్పీ. దానంతటది పడిపోనీ. నీ మీద మాట రాదు. నా కొడుక్కి ఒక్క ముద్ద పెట్టనీ," అంది. ఇద్దరిలో ఎవరిది తప్పని చెప్పగలను? కాసేపు ఆమె పక్కన కూర్చున్నాను. తరవాత లేచి వెళ్ళి గ్రీజు పెట్టాను.

ముసలామె మంచం పట్టిన వానాకాలంలో కులపెద్ద వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మంచివాడు, నెమ్మదస్తుడు. "పోయే ప్రాణం, దాని కోరిక తీర్సమ్మా," అన్నాడు. అత్త గంజి గిన్నె పట్టుకుని ముసలామె పక్కన వంగి ఉంది. ఆ రోజు ఆవిడ గొంతులో పెంకితనం లేదు. "అత్తా, సూసినోడెవుడే?" అంది, బతిమాలుతున్నట్టు.

"నాను సూసినాను," అంది ముసలామె. "కల్లోకి వొచ్చినాడు. నోరు పిడసగట్టుకుపోనాది ఆడికి. అమ్మా దాహం అన్నాడు."

అత్త గిన్నె కింద పెట్టి, మూల ఉన్న మంచినీళ్ళ బిందె తీసుకుని, వానలో నిచ్చెనెక్కి ఆ నీళ్ళు పడవలో పోసింది. వాన పడుతున్నప్పుడు పడవకి నీళ్ళెందుకు? నేను వద్దనలేదు. నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. పైనుంచి ఏడుపు వినపడింది. ఆవిడ ఏడవడం నేను విన్నది అదొక్కసారే. మర్నాడు ముసలామె పోయింది. కొడుక్కి ముద్ద పెట్టకుండానే పోయింది. ఆ పాపం తనదేనని అత్త ఎవరితోనూ అనలేదు, కానీ ఆ తరవాత అరుగు మీద ఎప్పుడూ కూర్చోలేదు.

మంచినీళ్ళు మొదలెట్టాక వెనక తాడు నిలబడింది. నేను గెలిచాననుకున్నాను. ఏడాదిన్నర గడిచాక గిలకకి గ్రీజు పెట్టడానికి నిచ్చెనెక్కి, ఆసరాకి పడవ లోపల చెయ్యి వేశాను. వేలు చెక్కలోకి దిగిపోయింది. ఉప్పునీళ్ళు ఇనుముని తింటాయి, చెక్కని కాస్తాయి. మంచినీళ్ళు ఇనుముని వదిలేసి చెక్కని తింటాయి. సముద్రం మీద బతికేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. తాడు మీద పడి నేను చెక్క సంగతే మరిచాను. లోపలంతా మెత్తగా, నల్లగా ఉంది. ఒక మూల పుట్టగొడుగులు కూడా మొలిచాయి. బయట తారు పెంకు ఉండబట్టి పడవ ఆకారంలో నిలబడి ఉంది, అంతే.

కిందకి దిగి ఎలా చెప్పాలా అని నిలబడ్డాను. ఆవిడ పడవ కింద కూర్చుని చుట్ట కొస కొరుకుతోంది.

"తెలుసల్లుడూ," అంది నా మొహం చూడకుండానే. "రోజూ సెయ్యెట్టేది నానే గదా."

"మరి ఇంకెందుకత్తా ఇదంతా?"

"నువ్వు తాడు సూడు," అంది.

నాకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. గ్రీజు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అక్కడే కూర్చున్నాను. ఆవిడ ఆయన గురించి మాట్లాడింది, ఉప్పుచేపా చద్దన్నమూ ఎలా తినేవాడో, పడవ పైకెత్తిన మొదటి రోజు పిల్లాడిలా హేండిలు వదలకుండా ఎలా తిప్పాడో. ఆయన వస్తాడని ఆ రోజు అనలేదు. రాడనీ అనలేదు. ఆ ముందు ఎన్నిసార్లు వస్తాడని చెప్పిందో, అదంతా విన్నవాణ్ణి, ఆ ఒక్కరోజు ఆవిడ చెప్పకపోవడం భరించలేకపోయాను. చీకటి పడుతోందని వంక పెట్టి లేచాను.

స్టీలు ప్లాంటు పనులు ఊపందుకున్నాక నేను అటు మారాను. గాజువాకలో ఇల్లు తీసుకున్నాం. ఆదివారాలు వెళ్ళి తాళ్ళు చూసి వచ్చేవాణ్ణి. వెళ్ళిన ప్రతిసారీ పడవ కొంచెం తేలికయినట్టు అనిపించేది, చెక్క రాలిపోతోంది మరి. తాళ్ళు మాత్రం మెరుస్తూ ఉండేవి. నా పని నేను చేశాను. ఏం లాభం?

జ్వరం వచ్చిందట. గంప ఎత్తలేక ఇంట్లో పడుకుందట. మాకు కబురు చెయ్యనివ్వలేదట. తెల్లవారేసరికి అయిపోయింది.

నేనూ మా ఇంటిదీ వెళ్ళేసరికి పెరడు నిండా జనం. అత్తని చాప మీద పడుకోబెట్టారు. స్నానం అయింది, కొత్త చీర కప్పారు. మొహం మీద బొట్టు లేదు, అలా అని తీసేసినట్టూ లేదు. నీళ్ళకి చెరిగింది, మళ్ళీ పెట్టాలో వద్దో తెలియక వదిలేశారు. చేతులకి గాజులున్నాయి. పక్కన ఒక ముసలావిడ రాయి ఒకటి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

కులపెద్ద నన్ను పక్కకి పిలిచాడు. బాగా ముసలివాడయ్యాడు. "బాబూ, ఆడికీ ఈ తల్లికీ ఒకేపాలి కర్మ సేసేద్దారి. ఆ ముసిల్దాని ఆత్మ కూడా సల్లబడతాది. నువ్వు పడవ దింపితే, గాజులు తీసి పాడె లేపేత్తారు. ఆ తాడు ఎలగున్నాదో నీకే తెలుసు, మాకు భయం," అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. ముసలామె అడిగిన ముద్ద ఇప్పటికైనా పెట్టాలి. పోయినవాడికి నీళ్ళు వదలాలి. అన్నీ న్యాయమే. కానీ నేను హేండిలు తిప్పితే, పడవ నీళ్ళు తాకితే, ఆ ముసలావిడ గాజుల మీదకి రాయి ఎత్తుతుంది. బతికున్నన్నాళ్ళూ కాదన్న దాన్ని ఆవిడ చచ్చాక, కాదనలేనప్పుడు చేస్తారు.

స్పానరు తీసుకుని పడవ కిందకి వెళ్ళాను. పళ్ళచక్రం, నాలిక, గిలకలు, తాళ్ళు, ఒకటొకటే చూశాను. ఎక్కడా ఏ లోపమూ లేదు. ఇంత బాగున్న తాడు నేను పోర్టులో కూడా అరుదుగా చూశాను. వెనక్కి తిరిగి, "తాడు జామైపోయింది. ఇప్పుడు దిగదు," అన్నాను.

"ఎంతసేపవుతాది?" ఎవరో అడిగారు.

"చెప్పలేను. విప్పాలి."

విప్పడం మొదలెట్టాను. ఒక క్లిప్పు నట్టు వదులు చేశాను. సుత్తితో నాలిక మీద కొట్టాను, చప్పుడు కావాలి కదా. గ్రీజు మోచేతుల దాకా పూసుకున్నాను. ఎండ ఎక్కుతోంది. అవతల మా ఇంటిది అత్త పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి తన రెండు చేతుల్లోకీ తీసుకుంది. గాజులు బయటికి కనపడటం లేదు. మేమిద్దరం ఏమీ అనుకోలేదు, ఒకరి వంక ఒకరం చూసుకోనైనా లేదు.

కులపెద్ద కర్ర పొడుచుకుంటూ వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. పుట్టింది మొదలు తాళ్ళూ వలలూ పట్టిన మనిషి. తాడు మీద వేళ్ళు పోనిచ్చాడు. గిలకని అరచేత్తో నెట్టాడు, అది చప్పుడు లేకుండా తిరిగింది. నేను ఆయన వంక చూడలేకపోయాను.

ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మెల్లగా లేచాడు. "అవునర్రా, జామైపోనాది," అన్నాడు అందరికీ వినపడేట్టు. "ఇది బేగి తెమిలేది కాదు. పొద్దెక్కిపోతంది. కర్మ సంగతి తరవాత సూద్దారి, ముందు మనిసిని లేపండి."

"గాజులు?" అంది రాయి పట్టుకున్న ముసలావిడ.

"పడవ దిగనేదు గదే," అన్నాడు.

మా ఇంటిది లేచి, లోపలి నుంచి కుంకం భరిణె తెచ్చి, అత్త నుదుట వేలితో పెద్ద బొట్టు పెట్టింది. పాపిట్లో కూడా పెట్టింది. పాడె లేపారు. డప్పు మొదలైంది. పడవ కింద నుంచే దారి, ఆ దారినే తీసుకెళ్ళారు. గాజులు కదిలిన చప్పుడు నాకు వినపడింది.

నేను పాడె మొయ్యలేదు. ఆవిడకి కొడుకులా భుజం పట్టాల్సినవాణ్ణి, పట్టలేకపోయాను. జామైన తాడు దగ్గర ఖలాసీ ఉండాలి కదా. అందరూ వెళ్ళాక వదులు చేసిన నట్టు మళ్ళీ బిగించాను. ఇక తిరగదు అనేదాకా బిగించాను. ఇది ఎవరి కోసం బిగిస్తున్నానని చేతులు అడుగుతూనే ఉన్నాయి. ఏటి మలుపు దగ్గర డప్పు చప్పుడు ఆగిపోయేదాకా, స్పానరు చేత్తో పట్టుకుని ఆ పుచ్చిన పడవ కిందే నిలబడి ఉన్నాను.